బంతిలో బంతిపూలు: కార్తీకంలో రిసెప్షన్ టేబుళ్లు మనమే అలంకరించుకుంటే

మా చెల్లి పెళ్లి కార్తీకమాసంలో కుదిరింది. మండపం, స్టేజీ డెకరేషన్ ఒక డెకరేటర్‌కి అప్పజెప్పాం. రిసెప్షన్ భోజనాల దగ్గర టేబుళ్ల మాటేంటని అడిగితే ఫోన్ తీసి ఫొటోలు చూపించాడు. నిలువెత్తు గాజు గొట్టాలు, వాటి మీద ప్లాస్టిక్ గులాబీలు, కింద అద్దం ముక్కలు. టేబుల్‌కి ఇంత అని అతను చెప్పగానే మా నాన్న లేచి చెప్పులు వెతుక్కున్నారు. ఇంటికొస్తుంటే కాలవ గట్టున విరగబూసిన బంతి, చేలో పండి వాలిన వరి, పాక మీద గుమ్మడిపాదు కనిపించాయి. ఊరంతా అలంకరించుకుని కూర్చుంటే మనం ప్లాస్టిక్ గులాబీలు అద్దెకి తెచ్చుకోవడం ఏమిటనిపించింది. అలా 24 టేబుళ్లు ఇంట్లోవాళ్లమే చేసుకున్నాం. ఆ తర్వాత చుట్టాల ఇళ్లలో ఇంకో మూడు రిసెప్షన్లకి చేశాం. చేసిన తప్పులు కూడా దాచకుండా చెప్తాను, మీకు పనికొస్తాయి.

అన్నిటికంటే ముందు ఒకటి గట్టిగా అనుకోండి: టేబుల్ తినేవాళ్లది. ఫొటోగ్రాఫర్‌ది కాదు, మనది అంతకన్నా కాదు. ప్లేటు పెట్టుకోవడానికి చోటు, ఎదుటి మనిషి మొహం కనిపించడం, కూర వాసన కూరకి ఉండటం. ఈ మూడూ పోతే ఎంత అందంగా చేసినా జనం దాన్ని పక్కకి నెట్టేసే తింటారు. నేను కళ్లారా చూశాను.

మొదట హాలుకి టేపు పట్టుకుని వెళ్లండి

కనీసం నెల ముందు వెళ్లాలి. "మా దగ్గర అన్నీ స్టాండర్డ్ సైజేనమ్మా" అంటారు. వినండి, విన్నాక కొలవండి. రౌండ్ టేబుళ్లు ఎక్కువగా రెండు రకాలు ఉంటాయి: 5 అడుగులవి, 6 అడుగులవి. 5 అడుగుల టేబుల్ చుట్టుకొలత 188 అంగుళాలు. ఎనిమిది మంది కూర్చుంటే మనిషికి 23 అంగుళాల చిల్లర వస్తుంది. పదిమందిని కుదిస్తే 19 దగ్గరికి దిగుతుంది, పట్టుచీరలూ మోచేతులూ ఒకదానికొకటి తగులుకుంటాయి. పదిమంది కూర్చోవాలంటే 6 అడుగులది ఉండాల్సిందే.

ఇప్పుడు లోపలి లెక్క. బఫే ప్లేటు దాదాపు అడుగు ఉంటుంది. దాని ముందు నీళ్ల గ్లాసు, ఐస్‌క్రీమ్ కప్పు, ఆ పక్కన సెల్‌ఫోన్. అంచు నుంచి అడుగున్నర దాకా తినేవాళ్లకే కావాలి. 5 అడుగుల టేబుల్ మధ్యలో మనకి మిగిలేది రెండడుగుల గుండ్రం. అందులో కూడా పిల్లాడి పాలసీసా, ఎవరిదో హ్యాండ్‌బ్యాగు వచ్చి కూర్చుంటాయి. కాబట్టి అలంకారం 15 అంగుళాల పళ్లెంలో ఇమిడేలా అనుకోండి. మేం అన్నిటికీ ఇదే కొలత పెట్టుకున్నాం.

హాలువాళ్లని అడగాల్సినవి మరో నాలుగున్నాయి. మనకి హాలు ఎన్నింటికి చేతికిస్తారు? మధ్యాహ్నం వేరే ఫంక్షన్ ఉంటే సాయంత్రం నాలుగు దాకా లోపలికి అడుగు పెట్టనివ్వరు. దీపాలు వెలిగించనిస్తారా? టేబుల్ గుడ్డలు వాళ్లవా, క్యాటరింగ్ వాళ్లవా? మరక పడితే డబ్బులు ఎవరు కడతారు? నాలుగోది, ఎవరూ అడగనిది: ఫ్యాన్లు ఎక్కడ పెడతారు?

ఆ ఫ్యాన్ల సంగతి మొదటిసారి మాకూ తట్టలేదు. టేబుళ్ల మీద గులాబి రేకులు చల్లి మురిసిపోయాం. ఏడింటికి జనం రాగానే స్టాండు ఫ్యాన్లు ఆన్ చేశారు. మూడో నిమిషానికి మా పెదనాన్న ప్లేట్లో చారన్నం మీద రేకులు తేలుతున్నాయి. ఆయన వాటిని ఏరి పక్కన పెట్టుకుని, "పనసపొట్టు కూరలో కూడా వేశారా అమ్మాయ్?" అని అడిగారు. ఆ రోజు నుంచి టేబుల్ మీద విడి రేకులు చల్లడం మానేశాను. మీరూ మానండి.

ఒక్క టేబుల్ ఇంట్లో వేసి చూడండి

పదిహేను రోజుల ముందు ఇంట్లో ఒక టేబుల్ పూర్తిగా అలంకరించండి. డైనింగ్ టేబుల్ మీదైనా సరే, 5 అడుగుల గుండ్రం సుద్దముక్కతో గీసుకుంటే చాలు. ఎనిమిది మందిని కూర్చోబెట్టి నిజంగా టిఫిన్ పెట్టండి. ఉట్టినే చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి, తింటేనే తేడా తెలుస్తుంది.

ఎత్తు చూడటానికి టేపు కూడా అక్కర్లేదు. మోచెయ్యి టేబుల్ మీద ఆనించి పిడికిలి నిలబెట్టండి. పువ్వైనా కంకైనా ఆ పిడికిలి దాటకూడదు. దాదాపు 13 అంగుళాలు అనుకోండి. అంతకు మించితే ఎదుటివాళ్లతో మాట్లాడటానికి మెడలు సాచాలి. నిలువెత్తు గాజు గొట్టాల మీద నా కోపం అందుకే. పైన పూలు, మధ్యలో గొట్టం, అటువైపు మేనమామ ఒంటికన్నుతో కనిపిస్తాడు.

ఈ నమూనా టేబుల్‌కి ఎన్ని పూలు పట్టాయో, ఇద్దరు చేస్తే ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. మిగతా లెక్కలన్నీ దీని మీదే నడుస్తాయి.

గుడ్డలు

5 అడుగుల టేబుల్‌కి నేలదాకా గుడ్డ దిగాలంటే 120 అంగుళాల గుండ్రం గుడ్డ కావాలి (టేబుల్ 60, ఎత్తు 30 చొప్పున రెండు వైపులా 60). 6 అడుగులదానికి 132. ఇవి కొనకండి, అద్దెకి తీసుకోండి. రంగు మాత్రం మీరు ఎంచుకోండి. తెల్ల గుడ్డ మీద మొదటి సాంబారు చుక్క దాకానే అందం. గోధుమరంగు, నెయ్యిరంగు లాంటివి ఈ కాలపు పూలకి బాగా నప్పుతాయి, మరకా అంతగా కనిపించదు.

డబ్బు పెట్టాల్సింది మధ్యలో అడ్డంగా పరిచే పట్టీకి. మచిలీపట్నం పక్కన పెడనలో అచ్చుతో వేసే కలంకారీ నూలు గుడ్డ మీటర్ల లెక్కన దొరుకుతుంది. ఇటుకరంగు, ఆవపసుపు, నల్లంచు ఉన్నది తీసుకుంటే బంతిపూలు దాని మీద పూసినట్టే ఉంటాయి. పన్నా 44 అంగుళాలు ఉంటుంది కాబట్టి పొడవునా మూడు పట్టీలు వస్తాయి, ఒక్కోటి 14 అంగుళాల వెడల్పు. పొడవు రెండుంపావు మీటర్లు పెట్టుకుంటే అంచులు కుట్టుకున్నాక కూడా రెండు పక్కలా అడుగు చొప్పున వేలాడుతుంది. 24 టేబుళ్లకి మేం 18 మీటర్లు కొన్నాం. ఉతికితే ముడుచుకుంటుందని ఒక మీటరు ఎక్కువ తీసుకోమని మా టైలరు చెప్పాడు, ఆ మాట విన్నందుకు బతికిపోయాం. ముందే ఒకసారి ఉప్పునీళ్లలో ముంచి ఉతికి ఆరేయండి. లేకపోతే నీళ్లు ఒలికిన చోటల్లా అద్దెగుడ్డకి రంగు దిగుతుంది.

బఫే కౌంటర్లకి ఇంట్లో పాత జరీ చీరలు చాలు. అయిదున్నర మీటర్ల చీర అంటే 18 అడుగులు. 6 అడుగుల బల్లలు రెండు కలిపి వేసినా 12 అడుగులే కదా, మిగిలినది కుచ్చిళ్లుగా పోతుంది. గుండుసూదులు మాత్రం గుచ్చనివ్వకండి. క్లిప్పులు పెట్టండి. అమ్మ చీర చిల్లులు పడి తిరిగొస్తే ఆ తర్వాత పదేళ్లు వినాలి.

పూలూ కంకులూ

ఈ కాలంలో మన దగ్గర దొరికేవాటికి లోటు లేదు. బంతి, చామంతి, కోడిజుట్టు పూలు, గునుగు, వరికంకులు, గుమ్మడికాయలు, ఉసిరికొమ్మలు. ఏది ఎన్నాళ్లు నిలుస్తుందో తెలుసుకుని వాడుకోవడమే అసలు పని.

*వరికంకులు.* గోదావరి జిల్లాల్లో సార్వా పంట కార్తీకానికి పండుతుంది. మా బాబాయి చేలో స్వర్ణ వేశారు, మార్టేరు పరిశోధన కేంద్రంలో తయారైన వంగడమే. కంకి పేరుకి తగ్గ రంగులో ఉంటుంది. పూర్తిగా పండి ఎండేదాకా ఆగకుండా, ఆకు ఇంకా కాస్త పచ్చగా ఉండగానే కాడతో సహా అడుగున్నర పొడవున కోయించండి. పిడికెడేసి కట్టలు కట్టి, తలకిందులుగా నీడలో నాలుగు రోజులు వేలాడదీయాలి. ఎండలో పెడితే గింజ రాలుతుంది. ఎలుకలున్న చోట పెట్టారో, మీకు కాడలే మిగులుతాయి. ఎండాక ఒకసారి గట్టిగా దులపండి. రాలేది అక్కడే రాలిపోతే టేబుల్ మీద రాలదు.

*గునుగు.* మా వదినది హనుమకొండ. బతుకమ్మ పండక్కి పొలం గట్ల మీద కోసిన గునుగులో కొంత తీసి నాకోసం ఎండబెట్టింది. తంగేడు సాయంత్రానికే వాడిపోతుంది. గునుగు అలా కాదు, ఎండినా అదే ఆకారం, అదే నిగనిగ. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, బతుకమ్మకి రంగు అద్దిన గునుగు వాడొద్దు. తడి తగిలితే ఆ గులాబిరంగు గుడ్డకి పడుతుంది, ఇక పోదు. తెల్లగా ఉన్నదే తీసుకోండి. కోడిజుట్టు పూలు, తెలంగాణలో సీతజడ అంటారు, అవి కూడా ఇలాగే మొండివి. మఖమలు గుడ్డలా ఉండే ఆ ముదురు ఎరుపు టేబుల్‌కి ఒకటి రెండు పడితే చాలు.

*బంతి, చామంతి.* హైదరాబాదులో అయితే గుడిమల్కాపూర్ మార్కెట్, గోదావరి వైపు అయితే కడియపులంక. తెల్లారకముందే వెళ్లాలి. కార్తీక సోమవారాలకి, పౌర్ణమికి పూల ధర ఎక్కి కూర్చుంటుంది. మీ రిసెప్షన్ ఆ పక్కరోజే పడితే ముందే మాట్లాడుకుని అడ్వాన్సు ఇవ్వండి. పువ్వు కొనేటప్పుడు కాడ దగ్గర గిల్లి చూడండి. గట్టిగా, పచ్చగా ఉంటే రేపటికి నిలుస్తుంది. మెత్తగా ఉంటే నిన్నటి సరుకు.

మా పళ్లెం అంచు చుట్టూ ఒక వరస పరవడానికి 24 బంతిపూలు పట్టాయి. లోపల 20 చామంతులు. 24 టేబుళ్లకి 8 కిలోల బంతి, 3 కిలోల చామంతి కొన్నాం. తరుగు పోను బంతి రెండు కిలోలు మిగిలితే గుమ్మానికి దండ కట్టాం.

ఇంటికి తెచ్చాక ప్లాస్టిక్ సంచుల్లో వదిలేయొద్దు. వేడెక్కి గంటల్లో కమిలిపోతాయి. తడిపి పిండిన గోనెపట్టా మీద పల్చగా పరిచి, పైన తడి నూలుగుడ్డ కప్పండి. బంతిపువ్వు మీద నీళ్లు చిలకరించి అలాగే వదిలేస్తే రేకుల మధ్య నీరు నిలిచి నల్లబడుతుంది. తడి కిందనుంచి ఉండాలి, పైనుంచి కాదు.

లిల్లీ పూలు (నేలసంపెంగ అనే ప్రాంతాలూ ఉన్నాయి) గుమ్మం దగ్గరే ఉంచండి. పొద్దుగూకాక వాటి వాసన ఊపందుకుంటుంది. పులిహోర తింటూ ఆ వాసన పీలిస్తే రెండూ రుచించవు. టేబుల్ మీద వాసన కావాలంటే రెండు రెబ్బల మరువమో దవనమో పెట్టండి, చేత్తో తాకితేనే తెలుస్తుంది.

*గుమ్మడికాయ.* టేబుల్‌కి ఒకటి పెడితే బరువూ, చోటు దండగా. ఎంట్రన్సు దగ్గరా, స్వీట్ల కౌంటరు దగ్గరా నాలుగేసి గుంపుగా పెట్టండి. తియ్యగుమ్మడి పెట్టండి, బూడిదగుమ్మడి కాదు. బూడిదగుమ్మడి చూడగానే పెద్దవాళ్లకి దిష్టి గుర్తొస్తుంది. కాయని తొలిచి పూలకుండీ చెయ్యాలని ఉంటే మొదటి గాటు ఎవరు పెట్టాలన్న ప్రశ్న వస్తుంది. మా అమ్మమ్మ ఆడపిల్లల్ని పెట్టనివ్వలేదు, తమ్ముణ్ని పిలిచింది. వాడు గాటు పెట్టి వెళ్లిపోయాడు, మిగతా ఏడు కాయలూ తొలిచింది మేమే. నిజం చెప్పాలంటే తొలవకుండా పెట్టినవే బాగున్నాయి. పైగా మర్నాడు దప్పళంలోకి పనికొచ్చాయి.

పళ్లెం కూర్చడం

పూలు గుచ్చడానికి షాపుల్లో ఒయాసిస్ అని ఆకుపచ్చటి ఫోమ్ ఇటుకలు అమ్ముతారు. వాడాలంటే బకెట్ నీళ్లలో వేసి దానంతట అదే మునిగేదాకా వదిలేయాలి. చేత్తో నొక్కితే లోపల గాలి ఇరుక్కుని మధ్యలో పొడిగానే ఉండిపోతుంది. కానీ వాడాక అది చెత్తే, మట్టిలో కలవదు. మనకి అరటిచెట్లు ఉండగా అదెందుకు? గెల దిగిన అరటిబోదెని 3 అంగుళాల మందాన ముక్కలు కోయండి. లోపల నీరు నిండుగా ఉంటుంది, పువ్వు గుచ్చితే కదలదు. కాడ లేని బంతికీ చామంతికీ కొబ్బరి ఈనె ముక్క గుచ్చి, దాన్ని బోదెలో దింపండి.

ఇక్కడే నేను పెద్ద దెబ్బ తిన్నాను. అప్పుడే కోసిన బోదె ముక్కలు నేరుగా గుడ్డ మీద పెట్టాం. రసం కారింది. అప్పటికి నీళ్లలాగే ఉంది, ఏమీ తెలియలేదు. తెల్లారేసరికి గుండ్రంగా గోధుమరంగు మరకలు, పదకొండు గుడ్డల మీద. అరటి మరక పోదని చిన్నప్పటినుంచి వింటూనే ఉన్నాం, అయినా ఆ తొందరలో గుర్తు రాలేదు. డిపాజిట్ మొత్తం పోయింది. మీరు ముందురోజు సాయంత్రమే ముక్కలు కోసి, కడిగి, జల్లెడలో బోర్లించి రాత్రంతా వార్చండి. టేబుల్ మీద పెట్టేటప్పుడు కింద తప్పనిసరిగా అంచు ఉన్న పళ్లెం ఉండాలి. వెదురు తట్ట పెట్టాలనుకుంటే దాని లోపల ఒక స్టీలు మూత దాచండి.

కూర్చే వరస ఇది. పళ్లెం మధ్య బోదె ముక్క. దాని నడుమ వరికంకుల పిడికెడు కట్ట, బోదె పైన 9 అంగుళాలకి మించకుండా కాడలు కత్తిరించి దింపండి. కంకులు వాటంతట అవే నాలుగు వైపులా వాలతాయి, సర్దబోకండి. వాటి మొదట్లో గునుగు, ఒక కోడిజుట్టు పువ్వు. బోదె పక్కలు కనిపించకుండా చామంతులు. చివరగా పళ్లెం అంచున బంతి వరస. రంగులు ఒకదాని పక్కన ఒకటి కాకుండా, అంచున ముదురు నారింజ, లోపలికి వెళ్లేకొద్దీ పసుపు, తెలుపు వచ్చేలా పేర్చండి. బతుకమ్మ పేర్చిన చేతులు ఇంట్లో ఎవరివైనా ఉంటే ఈ పని వాళ్లకి వదిలేయండి. మా వదిన ఆరు నిమిషాల్లో ఒకటి చేసింది, నాకు పావుగంట పట్టింది.

దీపాలు

కార్తీకం కదా, ప్రతి టేబుల్ మీద మట్టి ప్రమిదలో నూనెదీపం పెడదామని ఎవరో ఒకరు అంటారు. వినడానికి బాగుంటుంది. ఫ్యాన్ గాలి, వేలాడే పైటకొంగులు, అటూ ఇటూ పరుగెత్తే పిల్లలు. ఇవి ఒక ఎత్తు. ఇంకొకటి ఉంది. శుభకార్యంలో పెట్టిన దీపం కొండెక్కితే పెద్దవాళ్ల మనసు కలుక్కుమంటుంది. 24 టేబుళ్ల మీద దీపాలు ఆరకుండా చూడటానికి మనిషిని పెట్టాలి. అందుకని అసలు దీపాలు ఒక్కచోటే పెట్టండి. గుమ్మం దాటగానే గాలి తగలని మూల, ఇత్తడి గంగాళంలో నీళ్లు పోసి, చామంతులు పరిచి, మధ్యలో నీళ్ల మీద తేలే దీపాలు. పక్కన బాధ్యతగా ఒక పిన్నిని కూర్చోబెట్టండి. వచ్చేవాళ్లని పలకరించే పని కూడా ఆవిడే చేసేస్తుంది.

టేబుళ్ల మీద బ్యాటరీ ప్రమిదలు చాలు. కాదు, నిజమైన వెలుగే కావాలంటే గాజు గ్లాసు అడుగున ఇసుక పోసి చిన్న కప్పు కొవ్వొత్తి పెట్టండి. మంట గ్లాసు అంచుకి రెండంగుళాలు కిందే ఉండాలి. అది నాలుగు గంటలు వెలుగుతుంది. ఏడున్నరకి వెలిగిస్తే చివరి బంతి దాకా వస్తుంది. ఎండిన కంకుల పళ్లెంలో మాత్రం కొవ్వొత్తి పెట్టొద్దు, అది గడ్డివాములో అగ్గిపుల్ల గీసినట్టే.

ముందురోజు, ఆ రోజు

మా పని సులువు చేసింది ఒకే ఒక ఉపాయం: టేబుల్‌కి ఒక సంచి. మడిచిన పట్టీ, కంకుల కట్ట, గునుగు, ఈనెలు, రెండు బ్యాటరీ ప్రమిదలు, టేబుల్ నంబరు చీటీ, అన్నీ ఒకే సంచిలో. 24 సంచులు, పైన నంబర్లు. ముందురోజు రాత్రికి సంచులు సిద్ధం. పూలు మాత్రం విడిగా గంపల్లో వస్తాయి. ఇలా సర్దకపోతే హాలులో "కత్తెరేది? ఈనెలేవి?" అనే కేకలతోనే గంట గడిచిపోతుంది.

హాలు నాలుగింటికి చేతికొచ్చింది. రెండు జట్లు, జట్టుకి ఇద్దరు. టేబుల్‌కి ఏడు నిమిషాలు అనుకుంటే జట్టుకి 12 టేబుళ్లు, అంటే గంటన్నర లోపే. మేం ఆరింటికి ముగించాం, మధ్యలో టీ తాగాం కాబట్టి. ఈ జట్లలో పెళ్లికూతురి తల్లిని, సొంత అక్కని వేయకండి. వాళ్లని ఐదు నిమిషాలకోసారి ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. నన్నూ అలాగే పిలిచారు, చివరికి మా తమ్ముడి ఫ్రెండ్సు పూర్తి చేశారు.

వేసే వరస తప్పితే మళ్లీ మొదటికొస్తుంది. ముందు గుడ్డ, తర్వాత పట్టీ, ఆపైన పళ్లెం, పూలు, దీపాలు. నీళ్ల సీసాలు, టిష్యూలు క్యాటరింగ్ వాళ్లు చివర్లో పెడతారు. ఎక్కడ పెట్టాలో ఒక టేబుల్ మీద మీరే పెట్టి చూపించండి. లేకపోతే పూల మీదే పెడతారు. వాళ్ల తప్పు లేదు, వాళ్ల తొందర వాళ్లది.

కోస్తాలో ఉన్నవాళ్లకి ఇంకో మాట. అక్టోబరు, నవంబరు మనకి తుపాన్ల కాలం. హుద్‌హుద్ విశాఖ మీద పడింది కూడా 2014 అక్టోబరు 12నే. అంత కాకపోయినా రెండు రోజులు ముసురు పట్టిందంటే పూలు తడిసి కుళ్లుతాయి, దొరికినవి చెప్పినంత ధర. అందుకే అలంకారంలో సగానికి పైగా ఎండినవీ, నిలిచేవీ ఉండేలా చూసుకోండి. కంకులు, గునుగు, గుమ్మడి ఇంట్లో ఉంటే, బంతిపూలు అందకపోయినా పళ్లెం అంచున తమలపాకులు పరిచి గట్టెక్కవచ్చు.

బఫే దగ్గర, బంతి దగ్గర

బఫే కౌంటర్ల పైభాగం వంటలదే. అక్కడ ఒక్క పువ్వు కూడా వద్దు. మూతలు తీసే ఆవిరికి పూలు ఉడుకుతాయి, గరిటెకి తగిలి కూరలో పడతాయి. కౌంటరు ముందు భాగానికి మాత్రం మామిడాకు, బంతి కలిపిన తోరణం కట్టండి. ఆవిరి తగలదు, నిలబడ్డ జనానికి బాగా కనిపిస్తుంది. పేర్ల చీటీలు తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి. కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి మానేసేవాళ్లు చాలామంది ఉంటారు. అవి లేని వంటకాల చీటీ మీద చిన్న తమలపాకు అంటించి, "ఆకు ఉన్నవాటిలో ఉల్లి, వెల్లుల్లి లేవు" అని మొదట్లో ఒక బోర్డు పెట్టాం. ఆ రోజు అన్నిటికంటే ఎక్కువ మెచ్చుకోళ్లు దానికే వచ్చాయి, పూలకి కాదు!

ఆకులేసి బంతి భోజనాలు పెట్టేవాళ్లకి లెక్క వేరు. ఆ బల్లలు అడుగున్నర, మహా అయితే రెండడుగుల వెడల్పు. అరిటాకు పరిస్తే ఇక చోటే లేదు. కాబట్టి బల్ల పైన ఏమీ పెట్టకండి. ఒకే వైపు కూర్చునే పద్ధతి అయితే బల్ల ముందు భాగం ఖాళీగా ఉంటుంది, అక్కడ బంతిపూల దండని జారవిడవండి. ఆరంగుళాలకి మించి వేలాడితే వడ్డించేవాళ్ల బకెట్లకి తగులుతుంది. బల్లల వరస చివర ఒక్కో వరికుచ్చు కట్టండి. అంతే.

వియ్యాలవారి టేబుల్ సంగతి మర్చిపోవద్దు. ఎంత మంచివాళ్లయినా వియ్యపురాలి కళ్లు ముందు అక్కడికే వెళ్తాయి. రెండిళ్లవాళ్లూ కూర్చునేసరికి రాత్రి పదిన్నర దాటుతుంది. అప్పటికి ఏడింటికి పెట్టిన పూలు తలలు వాల్చేసి ఉంటాయి. అందుకని వాళ్ల పళ్లేనికి సరిపడా పూలు తడిగుడ్డలో చుట్టి విడిగా దాచండి, సరిగ్గా కూర్చునే ముందు మార్చండి. అక్కడ అరిటాకులు వేసేటట్టయితే ఆకుని పొయ్యి సెగ మీద ఒక్కసారి తిప్పండి. మెత్తబడి, మడతల దగ్గర చిరగదు. తర్వాత తడిగుడ్డతో తుడిస్తే నిగనిగలాడుతుంది.

అమెరికాలో చేసుకునేవాళ్లకి

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో సెప్టెంబరు చివర, అక్టోబరులో రిసెప్షన్ పెట్టుకునే మనవాళ్లకి ఇదంతా అక్కర్లేదనిపించవచ్చు. కానీ ఆ కాలంలో అక్కడి కిరాణా షాపుల ముందు కుండీల్లో అమ్మే మమ్స్ మన చామంతులే. చిన్నచిన్న గుమ్మడికాయలు టేబుల్‌కి సరిపోయే సైజులో దొరికేది అక్కడే. వరికంకుల బదులు గోధుమ కంకులు, రంగురంగుల మొక్కజొన్న పొత్తులు. చాలా హాళ్లలో మంట వెలిగించనివ్వరు, కాంట్రాక్టులో ముందే చూసుకోండి. ఇండియానుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసులో కలంకారీ గుడ్డ తెప్పించుకుంటే మిగతాదంతా అక్కడే కుదురుతుంది. విత్తనం, కంకి, మొక్క లాంటివి మాత్రం పెట్టించకండి, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు.

మర్నాడు

రాత్రే ఒకరిని కాపలా పెట్టకపోతే తెల్లారేసరికి పళ్లేలు, ప్రమిదలు సగం కనిపించవు. పట్టీలు అప్పటికప్పుడే తీసి చల్లనీళ్లలో నానేయండి, పసుపు మరక ఎండకముందే. పూలూ బోదెముక్కలూ కొబ్బరిచెట్టు పాదులోకి. గుమ్మడికాయలు వంటవాళ్లు అడిగితే ఇచ్చేయండి, నాలుగు మాత్రం దప్పళానికి ఉంచుకోండి.

వరికంకుల కట్టలన్నీ కలిపి మా అమ్మమ్మ కుచ్చులు అల్లింది. రెండు గుడికి పంపి, ఒకటి వీధి అరుగు మీద చూరుకి కట్టించింది. మూడో రోజుకి పిచ్చుకలు కనిపెట్టాయి. చెల్లి మొదటిసారి పుట్టింటికి వచ్చేసరికి అక్కడ గడ్డి, పురికొస మిగిలాయి. "నా రిసెప్షన్ టేబులేనా ఇది?" అని నవ్వి ఫొటో తీసుకుంది.